డీఓ నాలుగు దిగకుండా

రొయ్య చావడానికి జబ్బే రానక్కర్లేదు. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను చెరువుగట్ల మీద అందరూ డీఓ అంటారు. అది లీటరుకు 4 మిల్లీగ్రాముల కిందికి పడితే వానామీ రకం రొయ్య మేత తగ్గిస్తుంది, 3 దిగితే నీరసపడుతుంది, 2 దగ్గర కాసేపు నిలిస్తే తెల్లారేసరికి చెరువులో రొయ్య చస్తుంది. పగలు నీటిలోని పచ్చ నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి ఆ నాచే దాన్ని పీల్చుకుంటుంది. అందుకే గండం ఎప్పుడూ మూడింటికీ ఆరింటికీ మధ్యే. బంటుమిల్లి, కృత్తివెన్ను రొయ్యల చెరువులకూ, దివిసీమలో నాగాయలంక, కోడూరు చెరువులకూ, గుడివాడ పక్క నందివాడ చేపల చెరువులకూ ఇదే భయం. ఆ మూడు గంటల కాపలాకు ఇప్పుడు నీటి మీద తేలే ఒక పెట్టె తోడొచ్చింది. 2012లో విజయవాడలో మొదలైన ఏరువాక టెక్నాలజీస్ ఇలాంటి తేలే యంత్రాలను మన చెరువుల కోసం తయారుచేసింది. ఎకరం చెరువులో ఒక పంట ఆ పెట్టె సాయంతో ఎలా నడుస్తుందో మొదటి నుంచీ చూద్దాం.

పాత పంట పట్టగానే చెరువు ఎండగడతారు. అడుగు నెర్రెలిచ్చేదాకా ఆగి, మేత పేరుకుపోయిన నల్లమట్టిని చెక్కి బయట పోస్తారు. మట్టి పీహెచ్ చూసి సున్నం చల్లుతారు. ఈ మట్టి మిగిలిపోతే రాత్రిళ్లు రొయ్య కంటే ఎక్కువ ఆక్సిజన్ అదే తినేస్తుంది. తర్వాత ఎన్ని సెన్సర్లు పెట్టినా ఆ లోటు తీరదు.

కాలువ నీటిని, క్రీకు నీటిని 60 నంబరు మెష్ సంచుల గుండా తోడతారు. నాలుగు అడుగుల లోతున ఎకరానికి దాదాపు 49 లక్షల లీటర్లు పడుతుంది. దానికి 60 పీపీఎం లెక్కన సుమారు 300 కిలోల బ్లీచింగ్ కలిపి, మూడు నాలుగు రోజులు ఏరేటర్లు తిప్పి క్లోరిన్ పోగొడతారు. ఏరేటర్ అంటే నీటిని చిలికి గాలి కలిపే తెడ్ల చక్రాల యంత్రం. రెండు హెచ్‌పీవి నాలుగు బిగిస్తారు. ఒక్కో హెచ్‌పీ సుమారు 400 కిలోల రొయ్యను మోస్తుందన్నది గట్ల మీది లెక్క.

ఇప్పుడు పెట్టెను దించుతారు. పైన సోలార్ పలక, లోపల బ్యాటరీ, సిమ్ కార్డు, కింద వేలాడే ప్రోబ్. ప్రోబ్ కొన మీద మందు పూసిన చిన్న మూత ఉంటుంది, దాన్ని క్యాప్ అంటారు. లోపలి నుంచి నీలం కాంతి పడగానే ఆ పూత ఎర్రగా మెరుస్తుంది. నీటిలో ఆక్సిజన్ ఎంత ఎక్కువ ఉంటే ఆ మెరుపు అంత త్వరగా ఆరుతుంది. ఆరే వేగాన్ని బట్టి యంత్రం డీఓ కడుతుంది. ప్రోబ్‌ను ఏరేటర్ పక్కన కట్టకూడదు, అక్కడ అంకె ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. చక్రాల తోపు అందని మూల చూసి, అడుగు మట్టికి అడుగు, అడుగున్నర ఎత్తులో దించుతారు. రొయ్య బతికేది అడుగునే.

ఆ తర్వాత అంకె సరిచేయాలి. తడిగుడ్డ చుట్టి గాలిలో పట్టుకుంటే ప్రోబ్ నూరు శాతం చూపాలి. 30 డిగ్రీల వేడిలో మంచినీరు గాలి నుంచి లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములకు మించి ఆక్సిజన్ పట్టి ఉంచలేదు. నీటిలో ఉప్పు పెరిగితే ఆ హద్దు ఇంకా దిగుతుంది. మేలో ఉప్పగా ఉండే చెరువు ఆగస్టు వానలకు పలచబడుతుంది కాబట్టి ఉప్పు శాతాన్ని రిఫ్రాక్టోమీటరుతో చూసి యంత్రంలో మార్చుతూ ఉండాలి. ఈ ఒక్క పని వదిలేసి మిషన్ అబద్ధం చెబుతోందని తిట్టేవాళ్లు చాలామందే ఉన్నారు.

నీటి రంగు కుదిరాక సీడ్, అంటే రొయ్య పిల్లలను వదులుతారు. దేశంలో వానామీ పెంపకానికి 2009లో అనుమతి వచ్చింది. చదరపు మీటరుకు 60 పిల్లలకు మించకూడదని కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నిబంధన. జాగ్రత్తపరులు 40 దగ్గర ఆగుతారు. ఆ లెక్కన ఎకరానికి 1.6 లక్షల పిల్ల. పిల్ల 35 పైసలు అనుకుంటే 56 వేల రూపాయలు. తెల్లవారుజామున సంచులను చెరువులోనే తేలనిచ్చి, వేడీ ఉప్పూ సమానమయ్యేదాకా కొద్దికొద్దిగా చెరువు నీళ్లు పోసి వదులుతారు.

మొదటి నెల మేత లక్ష పిల్లకు రోజుకు 2 కిలోలతో మొదలై అంచనా మీద పెరుగుతుంది. ఆ తర్వాత చెక్ ట్రే పెడతారు. మేత వేసి అడుగుకు దించే వలపళ్లెం అది. గంటన్నర పోయాక పైకి లాగి వేళ్లతో తడిమి చూస్తారు. పళ్లెం ఖాళీగా ఉండి రొయ్య పేగు నిండి నల్లగీతలా కనిపిస్తే మేత పెంచుతారు, గుళికలు మిగిలితే తగ్గిస్తారు. ఆటోఫీడరు అనే మేత యంత్రం ఇదే పనిని చెవితో చేస్తుంది. రొయ్య గుళికను నమిలేటప్పుడు టిక్కు టిక్కుమని చప్పుడవుతుంది. నీటిలో వేలాడే మైకు దాన్ని వింటుంది. చప్పుడు ఉన్నంతసేపు ఆటోఫీడరు కొంచెం కొంచెం చిమ్ముతుంది, తగ్గగానే ఆగుతుంది. చేత్తో పూటకోసారి కుమ్మరించిన మేత నీటిలో నాని సారం పోగొట్టుకునే బెడద దీనితో తగ్గుతుంది.

అసలు పరీక్ష అరవయ్యో రోజు దాటాక, వాయుగుండం పట్టి రెండు రోజులు ఎండ రానప్పుడు వస్తుంది. రెండు ఏరేటర్లు తిరుగుతున్నాయి అనుకుందాం. రాత్రి పదింటికి డీఓ 6.2, పన్నెండుకు 5.4. అంటే గంటకు 0.4 చొప్పున పడుతోంది. ఇలాగే వదిలేస్తే మూడున్నరకు 4కు, పొద్దు పొడిచేసరికి 3కు దిగుతుంది. ఈ గీత ఫోన్‌లో కనిపించడమే సెన్సర్ చేసే మేలు. చేతి మీటరు పట్టుకుని మూడింటికి గట్టెక్కిన మనిషికి ఒక్క అంకె దొరుకుతుంది, ఇక్కడ పడే వేగం పన్నెండుకే తెలుస్తోంది. 5 దగ్గర మీట పెట్టి ఉంచితే ఒంటిగంటకే మిగతా రెండు ఏరేటర్లు వాటంతటవే తిరుగుతాయి. కరెంటు పోతే ఫోన్ మోగుతుంది, కాపలా మనిషి లేచి జనరేటర్ వేస్తాడు. అతని పని తేలిక అవుతుందే తప్ప పోదు.

అతనికి పగలు ఇంకో పని చేరింది. ప్రోబ్ కొన మీద వారంలోపే జారుడు పాచి పడుతుంది. ఆ పాచి కూడా శ్వాసిస్తుంది కనుక అంకె తప్పుతుంది. పడవ మీద వెళ్లి, ప్రోబ్ పైకి తీసి, మెత్తటి బ్రష్‌తో క్యాప్ మీద గీత పడకుండా తోమి, మంచినీళ్లతో కడిగి, మళ్లీ గాలిలో నూరు చూపుతోందో లేదో చూసి దించాలి. పది నిమిషాల పని. నా దృష్టిలో ఈ సాంకేతికత మొత్తానికి గుండెకాయ ఈ పది నిమిషాలే.

వారానికోసారి విసురువల వేసి తూకం చూస్తారు. వంద రోజుల సుమారుకు రొయ్య 20 గ్రాములకు, అంటే కిలోకు 50 కౌంట్‌కు వస్తుంది. పట్టుబడి నాడు నీళ్లు తోడి, వల లాగి, సరుకును వెంటనే దాని తూకానికి సమానమైన ఐసు వేసిన నీటిలో ముంచి ట్రేలకెత్తుతారు. నూటికి 80 బతికితే ఎకరానికి 2.6 టన్నులు.

లెక్క చూద్దాం. సగానికి పైగా ఖర్చు మేతదే. కిలో రొయ్యకు ఒకటిన్నర కిలోల మేత పట్టేచోట 1.3తో సరిపోతే 520 కిలోలు మిగులుతుంది. కిలో 95 రూపాయల చొప్పున దాదాపు 49 వేలు. కరెంటు మీద మిగిలేది తక్కువే. నాలుగు ఏరేటర్లు గంటకు ఆరు యూనిట్లు తాగితే, 1.50 రూపాయల సబ్సిడీ ధరకు తొమ్మిది రూపాయలు. డీజిల్ మీద నడిపేవాళ్లకు మాత్రం అది పెద్ద సొమ్ము. 2025 ఆగస్టులో మన సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కినప్పుడు రేటు రైతు చేతిలో లేదని మళ్లీ రుజువైంది. మేత, ఆక్సిజన్ చేతిలో ఉన్నాయి.

ఎకరం, రెండెకరాల రైతులు పెట్టె ఒంటరిగా కొనొద్దు. పక్క పక్క చెరువులవాళ్లు కలిసి తీసుకుంటే ప్రోబ్ కడిగే మనిషి జీతమూ పంచుకోవచ్చు. కొనే ముందు అమ్మేవాళ్లను మూడు సంగతులు అడిగి కాగితం మీద రాయించుకోండి: క్యాప్ ఎన్ని నెలలకు మార్చాలి, దాని ధర ఎంత, రాత్రి పాడైతే మీ ఊరికి మనిషి ఎన్ని గంటల్లో వస్తాడు.