పాకాలకు పోదాం

వాళ్లది డోర్నకల్. వరి కోతలు అయిపోయాయి. పెళ్లయి ఇరవై ఏండ్లు. ఆలుమగలు ఇద్దరే కలిసి ఏ ఊరూ చూడలేదు.

“పాకాల చెరువు చూసొద్దామయ్యా” అన్నది ఆమె.

“సరే. గాలం తెస్త. చేపలు పడదాం” అన్నాడు ఆయన.

ఆమె ఈమధ్యనే చదువు నేర్చుకున్నది. నోటుబుక్కు తీసి రాసింది.

దారి: డోర్నకల్ నుంచి మహబూబాబాద్‌కు రైలు. అక్కడి నుంచి నర్సంపేటకు బస్సు. నర్సంపేట నుంచి పాకాల సుమారు 12 కిలోమీటర్లు. తిరిగి వచ్చే చివరి బస్సు ఎన్ని గంటలకో ముందే అడగాలి.

ఖర్చు: రైలుకు రెండు టికెట్లు. బస్సుకు ఆయన టికెట్టే. తెలంగాణలో 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు ఉచిత బస్సు మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ కార్డు చూపి సున్నా టికెట్టు తీసుకోవాలి.

సద్ది: జొన్న రొట్టెలు, పచ్చడి, మంచినీళ్లు.

గాలం దగ్గర ఆమె కలం ఆగింది.

“పాకాల అభయారణ్యం. అనుమతి లేకుండా అక్కడ చేపలు పట్టొద్దు. 1972లోనే చట్టం వచ్చింది. నీళ్లల్ల మొసళ్లు కూడా ఉంటయి. గాలం ఇంట్లనే పెట్టు” అన్నది.

ఆయన ముఖం చిన్నబోయింది. “చేపలు లేకుంటే ఏం చూస్తం?”

“ఎనిమిది వందల ఏండ్ల చెరువు. కాకతీయ గణపతిదేవుని కాలంల కట్టిండ్రు. చుట్టూ గుట్టలు, అడవి. పని లేకుండ ఒక్కనాడన్న ఇద్దరం గట్టు మీద కూసుందాం. చేపలు అంగట్ల కొనుక్కుందాం.”

ఆయన నవ్వాడు. గాలం చూరులో చెక్కాడు.

చెప్పండి, రాయండి:
1. గాలం ఎందుకు వద్దన్నది?
2. మీరు ఎక్కడికి పోతారు? దారి, ఖర్చు రాయండి.