శాంక్షన్: అనుమతియా, ఆంక్షయా?

ఉపకారవేతనము శాంక్షనైనదని విన్న మనము సంతోషింతుము. కాని 1990లో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి ఇరాక్‌పై విధించిన శాంక్షన్లు అనుమతులు కావు. వాణిజ్యమును అడ్డగించిన ఆంక్షలు. ఒకే ఆంగ్లపదమునకు ఈ వైరుధ్యమేల?

దీని లాటిన్ మూలమునకు శాసనముచే స్థిరపరచుట యని అర్థము. శాసనము ఒక పనిని ఆమోదించును. తన్ను మీరినవారిని దండించును. రెండర్థములును అందుండియే వెలువడినవి.

ఉర్దూలో 'కల్' అనగా నిన్నయు, రేపును. క్రియను బట్టి మనము తెలిసికొందుము. అట్లే శాంక్షన్ ఒక పనికో, ధనమునకో లభించినచో అనుమతి. ఒకరిపై విధింపబడినచో ఆంక్ష. అనువాదమున ఈ భేదము మరచినచో శిక్షయే వరమగును. కావున, సోదర విద్యార్థులారా, నిఘంటువులోని మొదటి అర్థముతో తృప్తిపడక వాక్యమును తుదివరకు చదువుదము.