పొలిమేర చెరువు

ఈ మాసం పాఠానికి పురాణ ఘట్టాన్ని కాక ఒక శాసనాన్ని తీసికొంటున్నాను. కడప జిల్లా పోరుమామిళ్ళలో క్రీ.శ. 1369 నాటి సంస్కృత శాసనం ఒకటి కలదు. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు అక్కడ చెరువు కట్టించి, ఆ వృత్తాంతాన్ని రాతిపై చెక్కించినాడు. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళ పని అని లెక్క కూడ చెప్పినాడు. సాధారణంగా శాసనాలు బిరుదావళులతో నిండి ఉంటాయి. ఇది మాత్రం జలశాస్త్ర పాఠం వలె సాగుతుంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలనూ, చెరువుకు తగులగల ఆరు దోషాలనూ చెబుతుంది.

కట్ట నుండి నీరు ఊరడం, చవిటి నేల, నడుమ తాబేటి వీపు వంటి మెరక, నేల విశాలమై నీరు చాలకపోవడం, నీరు అధికమై నేల చాలకపోవడం: ఈ ఐదు దోషాలనూ చెరువుపని ఎరిగిన ఏ ఒడ్డెవాడైనా చెప్పగలడు. మిగిలిన దోషం వేరు విధమైనది. రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు ఉండరాదట! ఆ చోట నేలకు లోపం లేదు, నీటికి లోపం లేదు. లోపం మనుష్యులది. నీరు పంచుకొనేవేళ ఇద్దరూ వస్తారు. గండి పూడ్చవలసినవేళ ఇతడు అతని వంక, అతడు ఇతని వంక చూస్తారు. ఇది నా వ్యాఖ్య. నిలుస్తుందనే నా నమ్మకం.

నేడు రాజ్యాల పొలిమేరలు పోయినవి, మతాల పొలిమేరలు చెరువుగట్టుకు చేరినవి. హైదరాబాదు హుస్సేన్‌సాగరాన్నే చూడండి. 16వ శతాబ్దంలో కుతుబ్‌షాహీల కాలంలో తవ్విన చెరువది. హుస్సేన్ షా వలీ పేరు మోస్తున్నది. మన వినాయకులు ఏటా అందులోనే నిమజ్జనం అవుతారు. 1992 నుండి నడుమ బుద్ధభగవానుని శిలావిగ్రహం నిలిచి ఉన్నది. ఇన్ని విధాల భక్తికి నెలవైన ఆ నీటిని దోసిట పట్టి ఆచమనం చేయగలవారు ఎవరు?

చెరువుల విషయంలో అన్యమతస్థులతో కలిసి పనిచేయడం శాస్త్రసమ్మతమేనా అని ఒక దాత నన్ను అడిగినారు. ధర్మలోపం జరుగుతుందేమోనన్న భయంతో అడిగిన ప్రశ్న కనుక తేలికగా కొట్టివేయదగినది కాదు. మన శాస్త్రాలు సత్కర్మను ఇష్టమనీ పూర్తమనీ రెండుగా చెప్పినవి. అగ్నిహోత్రాదులు ఇష్టం. దానికి అధికార నియమాలు ఉన్నాయి, వానిని సడలించమని నేను చెప్పడం లేదు. బావులు, చెరువులు, తోటలు, అన్నదానం పూర్తం. ఈ పూర్తంలో తటాకోత్సర్గమనే విధి ఒకటున్నది. చెరువు కట్టించిన యజమాని ఆ జలాన్ని సర్వభూతాలకూ విడిచిపెడుతున్నానని సంకల్పం చెప్పవలెను. ఆ క్షణంతో అతని స్వామ్యం పోతుంది. పిమ్మట అతడు కూడ అందరిలో ఒకడుగానే ఆ నీరు త్రాగవలెను. సర్వభూతాలన్నప్పుడు పశువులూ పక్షులూ ఉన్నవి, చీమ కూడ ఉన్నది. పొరుగింటి ముస్లిము సోదరుడు, క్రైస్తవ సోదరుడు లేరని ఏ వ్యాకరణంతో సాధించగలం?

వారి వైపునా ఇటువంటి భావమే కనబడుతుంది. బావి త్రవ్వించడం, చెట్టు నాటడం మనిషి గతించిన తరువాత కూడ పుణ్యమిచ్చే దానాలని ఇస్లాము చెబుతుంది. దానిని సదకా జారియా అంటారు. చెరువునూ వనాన్నీ సప్తసంతానాలలో లెక్కించిన మనకు ఇది క్రొత్త మాటగా తోచదు. కైస్తవులలో పోప్ ఫ్రాన్సిస్ 2015లో భూమిని మన ఉమ్మడి ఇల్లుగా భావించి సంరక్షించవలెనని ఒక దీర్ఘలేఖ వెలువరించినారు.

ఈ విషయంలో ఇటలీలోని అసిసి పట్టణంలో 1986లో జరిగిన సభను తలచుకోవలెను. ప్రకృతి పరిరక్షణకై పనిచేసే ఒక అంతర్జాతీయ సంస్థ తన ఇరువదియైదవ యేట ఐదు మతాల ప్రతినిధులను అక్కడికి పిలిచినది. హిందూ ధర్మం పక్షాన డాక్టర్ కరణ్ సింగ్ ప్రకటన చేసినారు. బౌద్ధ, క్రైస్తవ, ఇస్లాం, యూదు ప్రతినిధులు తమ తమ గ్రంథాలను ఆధారం చేసికొని వేరు వేరు ప్రకటనలు చేసినారు. నాకు నచ్చినది ఇదే. అందరినీ ఒకే ప్రార్థన చేయమని ఎవరూ కోరలేదు. పప్పూ పాయసమూ ఒకే గిన్నెలో కలిపి సమరసత అనడం కంటె, వేరు విస్తళ్ళలో తిని ఒకే గండి పూడ్చడం మేలని నా అభిప్రాయం.

మన నేలపై ఉదాహరణ కావలెనంటే నెల్లూరు పోవచ్చును. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా వద్ద స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగ జరుగుతుంది. కోరిక తీరినవారు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవారు పుచ్చుకొంటారు. ఇచ్చేవారిలోనూ పుచ్చుకొనేవారిలోనూ అన్ని మతాలవారూ ఉంటారు. మోకాటిలోతు నీట నిలిచి చేసే వేడుక అది. చెరువు చెడితే ఏ మతంవారికీ నిలువ చోటుండదు.

మన ఆలయాలకు విరాళమిచ్చేవారిలో గోపుర శిఖరానికి ఇచ్చేవారు ఎక్కువ, పూడికతీతకు ఇచ్చేవారు తక్కువ. శిఖరం దూరం నుండి కనబడుతుంది, పూడిక నీటి అడుగున ఉంటుంది! రాయలసీమలో చెరువుల సంరక్షణకు దశబంధ మాన్యాలు ఇచ్చిన పూర్వులకు ఈ భేదం తెలుసు. ఎవరైనా ఈ యేడు చెరువుపనికి ఇవ్వదలచినట్లైతే ఒక సూచన. సొమ్ము కట్టుటకు ముందే ఆ చెరువు ఆయకట్టు రైతులను, గట్టుమీది మసీదు, చర్చి పెద్దలను కూర్చుండబెట్టి మాట్లాడండి. తూము ఎవరు చూడవలెను, అలుగు ఎవరు చూడవలెను, నిమజ్జనానికి మట్టి విగ్రహాలే అన్న కట్టుబాటు, జాతర్ల తరువాత ప్లాస్టిక్ సంచులు ఏరే వంతులు, ఇవన్నీ కాగితం మీద వ్రాసికొనండి. రోహిణి కార్తెలో పని మొదలుపెట్టి మృగశిర చినుకులు పడే లోపల ముగించవలెను. తీసిన ఒండ్రుమట్టి పొలాలకు బలం. ఏ రైతు బండి ముందు వస్తే ఆ బండికి ఎత్తించండి.