మీ ఆపరేషన్ వాయిదా పడిందా? కోవిడ్ కాలం నేర్పిన పాఠం

ఆరోగ్యశ్రీ లబ్ధిదారుల కోసం అవగాహన పాఠం

ఆపరేషన్‌కు తేదీ ఇచ్చిన తర్వాత "ఇప్పుడు కాదు, మళ్లీ రండి" అంటే ఎవరికైనా దిగులే. 2020, 2021లో కోవిడ్ వల్ల ఎన్నో కుటుంబాలకు ఈ పరిస్థితి వచ్చింది. మళ్లీ ఏదైనా పెద్ద అంటువ్యాధి వస్తే మీరు కంగారు పడకుండా, అలాగని నిర్లక్ష్యం చేయకుండా ఉండేందుకు ఈ పాఠం. ముఖ్యమైన మాట ఒక్కటే: వాయిదా అంటే రద్దు కాదు. ఆపరేషన్ ఆగినా జబ్బు ఆగదు. అందుకే ఎదురుచూసే రోజుల్లో జబ్బును గమనించుకుంటూ ఉండాలి.

1. అప్పుడు ఏం జరిగింది?

2020 మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. అంతకు ముందే, అత్యవసరం కాని ఆపరేషన్లను వాయిదా వేయాలని కేంద్ర ఆరోగ్య శాఖ ఆసుపత్రులకు సూచించింది. హైదరాబాద్‌లో గాంధీ ఆసుపత్రిని పూర్తిగా కోవిడ్ రోగులకే కేటాయించారు. మిగతా జబ్బుల వాళ్లు వేరే ఆసుపత్రులకు వెళ్లాల్సి వచ్చింది. మన దగ్గరే కాదు, అన్ని దేశాల్లోనూ ఇదే పరిస్థితి. కోవిడ్ ఉధృతంగా ఉన్న 12 వారాల్లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 2 కోట్ల 84 లక్షల ఆపరేషన్లు రద్దు లేదా వాయిదా పడి ఉంటాయని అంతర్జాతీయ సర్జన్ల బృందం 2020లో అంచనా వేసింది.

2. ఎందుకు వాయిదా వేస్తారు?

• పెద్ద ఆపరేషన్ అయ్యాక ఐసీయూ బెడ్, ఆక్సిజన్, ఒక్కోసారి వెంటిలేటర్ కావాలి. అంటువ్యాధి సమయంలో ఇవన్నీ ఊపిరాడని రోగులతో నిండిపోతాయి.
• మత్తు డాక్టర్లను, నర్సులను ఐసీయూ డ్యూటీలకు పంపుతారు.
• రక్తదాన శిబిరాలు ఆగిపోతే బ్లడ్ బ్యాంకుల్లో రక్తం తగ్గిపోతుంది.
• అన్నిటికన్నా ముఖ్యం, రోగి ప్రాణం. ఆపరేషన్‌కు కాస్త ముందో వెనకో కోవిడ్ సోకిన 1,128 మందిని 24 దేశాల్లో పరిశీలించారు. వంద మందిలో దాదాపు 24 మంది నెల రోజుల్లోపే చనిపోయారు. సగం మందికి ఊపిరితిత్తుల సమస్యలు వచ్చాయి. ఇది టీకాలు రాకముందు, 2020 నాటి లెక్క.

అంటే డాక్టర్ "ఆగుదాం" అన్నారంటే మిమ్మల్ని వదిలేసినట్టు కాదు. చాలాసార్లు అది మీ మేలు కోసమే.

3. ఏది ఆగొచ్చు? ఏది ఆగకూడదు?

ఆపరేషన్లను డాక్టర్లు మూడు రకాలుగా చూస్తారు. (పథకంలో ఉన్నవీ లేనివీ కలిపి చెబుతున్నాం.)

అస్సలు ఆగకూడనివి: పగిలిన అపెండిక్స్, పేగు మెలిక పడటం, ఇరుక్కుపోయిన హెర్నియా, అవసరమైన సిజేరియన్, తలకు పెద్ద దెబ్బ, చర్మం చీల్చుకుని బయటికి వచ్చిన ఎముక. వీటికి గంటలే లెక్క. ఎంత పెద్ద అంటువ్యాధి ఉన్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

కొద్ది రోజులు, వారాలే ఆగగలిగేవి: క్యాన్సర్ ఆపరేషన్లు, కొన్ని గుండె ఆపరేషన్లు. క్యాన్సర్ సర్జరీ 4 వారాలు ఆలస్యమైన ప్రతిసారీ మరణించే ముప్పు సుమారు 6 నుంచి 8 శాతం పెరుగుతుందని 2020లో వచ్చిన ఒక పెద్ద పరిశీలన చెబుతోంది. కాబట్టి క్యాన్సర్ ఉన్నవాళ్లు "అంతా సద్దుమణిగాక చూద్దాంలే" అనుకోవద్దు.

డాక్టర్ సలహాతో ఆగగలిగేవి: కంటిశుక్లం, మోకీలు మార్పిడి, వరిబీజం, నొప్పి లేని చిన్న హెర్నియా, ఇబ్బంది పెట్టని పిత్తాశయ రాళ్లు.

గమనిక: డయాలసిస్ ఆపరేషన్ కాదు, కానీ దాన్ని ఎప్పుడూ మానకూడదు.

4. ఆగకూడని జబ్బుకు ఉదాహరణ: బ్లాక్ ఫంగస్

2021 రెండో వేవ్‌లో కోవిడ్ తగ్గిన కొందరికి బ్లాక్ ఫంగస్ వచ్చింది. షుగర్ అదుపులో లేనివాళ్లకు, స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవాళ్లకు ముప్పు ఎక్కువ. హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిలో దీనికి ప్రత్యేకంగా చికిత్స ఏర్పాటు చేశారు. మందులు మాత్రమే సరిపోవు, పాడైన భాగాన్ని ఆపరేషన్ చేసి తీసేయాలి. ఆలస్యమైతే కన్ను తీసేయాల్సి రావచ్చు, ప్రాణమే పోవచ్చు. ముఖం ఒకవైపు నొప్పి, వాపు, ముక్కు నుంచి నల్లటి స్రావం, చూపు మసకబారడం కనిపిస్తే ఆ రోజే వెళ్లాలి.

5. నాకు కోవిడ్ వచ్చి తగ్గింది. ఆపరేషన్ ఎప్పుడు?

116 దేశాల్లో 1,40,000 మందికి పైగా రోగులను పరిశీలించి 2021లో ఇచ్చిన సలహా ఇది: వీలైతే కోవిడ్ సోకిన తర్వాత కనీసం 7 వారాలు ఆగాలి. దగ్గు, ఆయాసం ఇంకా ఉంటే మరికొంత ఆగాల్సి రావచ్చు. ఎమర్జెన్సీకి ఈ లెక్క వర్తించదు. ఎప్పుడు చేయాలన్నది మీ డాక్టరే నిర్ణయిస్తారు. కోవిడ్ వచ్చిన సంగతి మాత్రం దాచకుండా చెప్పండి.

6. వాయిదా పడితే మీరు చేయాల్సినవి

డాక్టర్‌ను ఇవి అడిగి కాగితం మీద రాయించుకోండి:
• నా ఆపరేషన్ ఏ రకంలోకి వస్తుంది? ఎన్నాళ్లు ఆగొచ్చు?
• మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలి?
• అప్పటిదాకా ఏ మందులు వాడాలి?
• ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి?

ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలవండి. అనుమతి అప్పటికే వచ్చి ఉంటే అది అలాగే ఉంటుందా, మళ్లీ పెట్టాలా అని అడగండి. మీ ఫోన్ నంబర్ సరిగ్గా నమోదైందో లేదో చూసుకోండి. రిపోర్టులు, స్కానింగ్ ఫిల్ములు, కార్డు ఒకే సంచిలో పెట్టుకోండి.

ఇంట్లో షుగర్, బీపీ మందులు మానొద్దు. బీడీ, సిగరెట్, గుట్కా ఇప్పుడే ఆపేస్తే ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తులకు, గాయం మానడానికి మేలు.

7. ఇవి కనిపిస్తే తేదీ కోసం చూడొద్దు

• హెర్నియా గడ్డ గట్టిపడి లోపలికి పోకపోవడం, నొప్పి, వాంతులు
• పిత్తాశయ రాళ్లు ఉన్నవాళ్లకు జ్వరం, పచ్చకామెర్లు, ఆగని నొప్పి
• కిడ్నీలో రాళ్లు ఉన్నవాళ్లకు చలిజ్వరం, మూత్రం ఆగిపోవడం
• గర్భసంచి సమస్య ఉన్నవాళ్లకు ఆగని రక్తస్రావం, కళ్లు తిరగడం
• షుగర్ ఉన్నవాళ్లకు కాలి పుండు నల్లబడటం, వాసన రావడం

వెంటనే 108కు ఫోన్ చేయండి. ఎమర్జెన్సీలో ముందు చికిత్స మొదలుపెట్టి, ఆరోగ్యశ్రీ అనుమతిని ఆసుపత్రి వాళ్లు ఫోన్ ద్వారా తీసుకునే వీలుంది. "కాగితాలు సిద్ధంగా లేవు" అని ఇంట్లో కూర్చోవద్దు. పథకం గురించి సందేహం ఉన్నా, పథకం కింద చేసే ఆపరేషన్‌కు ఎవరైనా డబ్బు అడిగినా 104కు ఫోన్ చేయండి.

ఈ పాఠాన్ని చదవలేని పెద్దవాళ్లకు చదివి వినిపించండి. మీ ఇంట్లో, మీ వాడకట్టులో ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్నవాళ్లు ఉంటే వాళ్ల ఫోన్‌కు పంపండి.