రెండు రోజుల్లో హైదరాబాదు

సెలవు దొరకగానే హైదరాబాదు బయలుదేరి, ముందు చార్మినారు, తర్వాత గాజుల బజారు, మిగిలిన టైములో గోలకొండ చూసి రావడం మనవాళ్ళకు అలవాటు. చూసిందంతా కలగాపులగమై పోతుంది. చరిత్ర నడిచిన వరసలోనే మనమూ నడిస్తే రెండు రోజులు చాలు. ఒక్కటే నియమం: శుక్రవారం వద్దు. ఆ రోజు కుతుబ్ షాహీ సమాధులకూ, సాలార్‌జంగ్ మ్యూజియానికీ సెలవు.

మొదటి రోజు గోలకొండ. ఎండ ముదరకముందే కోట ఎక్కాలి. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే కొండమీది బాలా హిస్సారులో వినబడుతుంది. దారిలో రామదాసు బందిఖానా ఉంది. భద్రాద్రి గుడికి సర్కారు సొమ్ము వాడాడని తానీషా ఆయన్ను ఉంచింది అక్కడేనంటారు. మధ్యాహ్నం దగ్గర్లోని సమాధులకు వెళ్ళండి. తెలుగు కవులను ఆదరించిన ఇబ్రహీం (1550–80) అక్కడే ఉన్నాడు. తానీషా మాత్రం లేడు. 1687లో ఔరంగజేబు కోటను పట్టుకుని అతణ్ణి దౌలతాబాదులో ఖైదు చేశాడు. అక్కడే పోయాడు. బంధించినవాడూ బందీయే అయ్యాడు! ఈ సంగతి మనసుకెక్కాలంటే కోట, సమాధులు ఒకే రోజు చూడాలి.

రెండవ రోజు 1578 నాటి పురానాపూల్‌తో మొదలుపెట్టండి. 1591 నాటి చార్మినారుకన్నా ఆ వంతెనే పెద్దది వయసులో. పక్కనున్న మక్కా మసీదును కుతుబ్ షాహీలు మొదలుపెడితే, వారిని గెలిచిన ఔరంగజేబు పూర్తిచేశాడు. సాయంత్రం దాకా మ్యూజియం.

ఇంతకుమించి జాబితా పెంచకండి. బయలుదేరే ముందురోజు రాత్రి గంటసేపు చరిత్ర పుస్తకం తిరగేయండి. బస్సు ఛార్జీ గిట్టుబాటవుతుంది.