లైట్ బిల్లులో లాభం ఏ వరసలో ఉంది?

మన ఊళ్ళో కరెంటు బిల్లు అనేవాళ్ళు తక్కువ, లైట్ బిల్లు అంటాం. అది మరాఠీలో వస్తుంది. చాలా ఇళ్ళల్లో అమ్మలు అందులో రెండే చూస్తారు: కట్టాల్సిన సొమ్ము, ఆఖరి తేదీ. మధ్యలో ఉన్న వరసలు ఎవరూ చదవరు. అసలు కథంతా ఆ వరసల్లోనే ఉంది కాబట్టి వాటినే ఒక పాఠంలా చదువుదాం.

ముందు మాటల సంగతి. తెలుగువాళ్ళని మొదట తికమక పెట్టేది ‘ఆకార్’. మనకి ఆకారం అంటే రూపం. ఈ బిల్లులో ఆకార్ అంటే వసూలు చేసే రుసుము. ‘వీజ్’ మన విద్యుత్తే. ప్రాకృతంలో ‘విజ్జు’ అయి, మరాఠీలో వీజ్‌గా మిగిలింది. ‘స్థిర్ ఆకార్’ అంటే స్విచ్చి వేసినా వెయ్యకపోయినా కట్టాల్సింది. ‘వీజ్ ఆకార్’ వాడిన యూనిట్ల ధర. ‘వహన్ ఆకార్’ తీగల మీద మోసుకొచ్చినందుకు కూలి అనుకోండి. ‘ఇంధన్ సమాయోజన్ ఆకార్’ అంటే బొగ్గు ఖర్చు ముందు వేసిన అంచనా దాటితే ఆ తేడా. చివరిది ‘వీజ్ శుల్క్’, రాష్ట్ర ప్రభుత్వ పన్ను. ఇళ్ళకి 16 శాతం.

లాభం అనే వరస మాత్రం ఎక్కడా కనిపించదు.

దాన్ని వెతికే ముందు ఒక లెక్క. 2024-25లో మహావితరణ్ ఇళ్ళ రేట్లు ఇవి: స్థిర్ ఆకార్ నెలకి 128 రూపాయలు, వహన్ యూనిట్‌కి 1.17, మొదటి 100 యూనిట్లకి యూనిట్ 4.71, 101 నుంచి 300 దాకా 10.29. రేట్లు మారుతుంటాయి, లెక్క కట్టే పద్ధతి ఇదే. చలికాలంలో ఒక ఇల్లు నెలకి 90 యూనిట్లు వాడిందనుకుందాం. ఇంధన్ వరస పక్కన పెడితే, పన్నుతో కలిపి బిల్లు దాదాపు 762 రూపాయలు. మే నెల వచ్చింది. చంద్రపూర్ జిల్లా మే ఎండ గురించి ఈ గోడ ముందు నిలబడి చదివేవాళ్ళకి నేను చెప్పాలా? 200 వాట్ల కూలర్ రోజుకి 12 గంటలు తిరిగితే నెలకి 72 యూనిట్లు. మొత్తం 162. బిల్లు దాదాపు 1,655. వాడకం రెట్టింపు కూడా కాలేదు, బిల్లు రెట్టింపు దాటింది. కూలర్ తాగిన ఒక్కో యూనిట్ పన్నెండు రూపాయల పైనే పడింది. కూలర్ ఇక్కడ విలాసం కాదు, రేకుల ఇంట్లో పసిపిల్లని నిద్రపుచ్చే వస్తువు. శ్లాబుకి ఆ తేడా తెలియదు.

ఇప్పుడు లాభం దగ్గరికి వద్దాం. మన పక్కనే దుర్గాపూర్‌లో ఉన్న చంద్రపూర్ థర్మల్ కేంద్రం సామర్థ్యం 2,920 మెగావాట్లు. అది మహాజెన్‌కోది, అంటే రాష్ట్ర ప్రభుత్వానిదే. దాని పొయ్యిలోకి బొగ్గు పంపేవాటిలో ముఖ్యమైనది వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్, కోల్ ఇండియా పిల్ల సంస్థ. బల్లార్‌పూర్ తెలుగువాళ్ళల్లో ఎన్ని కుటుంబాలు ఆ గనుల్లో పని కోసం ఇక్కడికి వచ్చాయో మీకు తెలుసు. కోల్ ఇండియా 2023-24లో 37 వేల కోట్ల రూపాయలకు పైగా నికర లాభం చూపించింది. నాగపూర్ జిల్లా మౌదాలో కేంద్రం ఉన్న ఎన్టీపీసీ లాభం అదే ఏడు 21 వేల కోట్లు దాటింది. అదే కరెంటుని ఇళ్ళకి పంచే మహావితరణ్‌ దగ్గరికి వస్తే, బకాయిలు పేరుకుపోయాయనే మాట వింటాం. తవ్వేచోట, కాల్చేచోట లాభం. మన గుమ్మం దగ్గర నష్టం. కాబట్టి ‘కరెంటోళ్ళు దోచుకుంటున్నారు’ అని మీటరు చూడటానికి వచ్చిన అబ్బాయి మీద అరిస్తే అది తప్పు చిరునామా.

ఇందులో తెలుసుకోవాల్సిన సూక్ష్మం ఒకటుంది. కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ నియమాల ప్రకారం థర్మల్ కేంద్రంలో యజమాని పెట్టిన సొంత పెట్టుబడి మీద 15.5 శాతం రాబడిని కరెంటు ధరలోనే కలుపుతారు. మామూలు కొట్టువాడికి అమ్మకం అయ్యాక మిగిలితే లాభం. ఇక్కడ అది ముందే ‘ఖర్చు’ జాబితాలో చేరిపోతుంది. అందుకే బిల్లులో విడిగా దొరకదు, స్థిర్‌లోనూ వీజ్‌లోనూ కరిగి ఉంటుంది. దానికి తోడు పన్నులు. బొగ్గు మీద 2016 నుంచి టన్నుకి 400 రూపాయల సెస్సు ఉండేది. 2025 సెప్టెంబరులో అది తీసేసి, జీఎస్టీని 5 నుంచి 18 శాతం చేశారు.

లాభమంతా ప్రైవేటువాళ్ళదే అనడం కూడా సరికాదు. కోల్ ఇండియాలో 63 శాతం వాటా కేంద్ర ప్రభుత్వానిదే. అయితే ప్రశ్న ఇంకా పదునెక్కుతుంది: మన సొమ్ము మన ప్రభుత్వానికే డివిడెండ్‌గా పోతుంటే, మే నెల శ్లాబు ఎందుకు తగ్గదు? 2022లో చమురు, గ్యాస్ ధరలు మండినప్పుడు బ్రిటన్ ఆ కంపెనీల అదనపు లాభం మీద 25 శాతం ప్రత్యేక పన్ను వేసి, ఇళ్ళ బిల్లులకి సాయం చేసింది. మన దేశం కూడా అదే ఏడాది జులైలో ముడి చమురు మీద అలాంటి పన్ను వేసింది, 2024 డిసెంబరులో ఎత్తేసింది. కరెంటు బిల్లుతో దానికి ముడిపెట్టలేదు.

మన ఊరి విషయంలో ఇంకోటి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చంద్రపూర్‌ని తీవ్ర కాలుష్య ప్రాంతాల్లో చేర్చింది. బూడిద ఇక్కడ, ధర మాత్రం పుణేలో మహావితరణ్ ఇల్లు కట్టేదే. గోదావరి లోయ బొగ్గు మీదే బతికే మంచిర్యాలలో మన చుట్టాలకి, 2024 నుంచి గృహజ్యోతి కింద, అర్హత ఉంటే 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. ఆ 162 యూనిట్లకి వాళ్ళు కట్టేది సున్నా. కంపెనీ వదులుకున్నదేమీ లేదు, తెలంగాణ ఖజానా కట్టాలి. ఎవరు కట్టాలన్నది రాజకీయం తేలుస్తుంది, యంత్రం కాదు.

తెలుగువాళ్ళకి ఈ పాఠం కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో విద్యుత్ బోర్డుని విడగొట్టారు, మరుసటి ఏడు చార్జీలు పెంచారు. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో నిరసనకారుల మీద పోలీసులు కాల్పులు జరిపితే ముగ్గురు చనిపోయారు: రామకృష్ణ, విష్ణువర్ధన్ రెడ్డి, బాలస్వామి. మహారాష్ట్ర బోర్డు 2005లో విడిపోయింది.

2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం కంపెనీ రేట్లు పెంచమని అడిగితే ఆ దరఖాస్తుని ప్రకటించాలి. ప్రజల అభ్యంతరాలు విన్నాకే, 120 రోజుల్లోపు కమిషన్ తేల్చాలి. అభ్యంతరం రాయడానికి వకీలు అక్కర్లేదు. ఇంట్లో ఉన్న బిల్లుల్లో ఒక చలికాలానిది, ఒక మే నెలది పట్టుకురండి. డిపార్ట్‌మెంట్ బల్ల మీద పక్కపక్కన పెట్టి, వరస వరసకీ తేడా రాసుకుందాం. అభ్యంతరం మరాఠీలో రాయాలంటే మన క్లాసులో రాయగలవాళ్ళు చాలామందే ఉన్నారు.