యాప్ కోర్సుకు ఫీజు కట్టే ముందు

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు, అమీర్‌పేటలో కరపత్రాలు చేతికందుతాయి: మూడు నెలల్లో యాప్ డెవలపర్, ఉద్యోగం గ్యారంటీ. జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ఆశలున్న పిల్లలకైతే పిలుపు మరోటి: వీఎఫ్ఎక్స్ నేర్చుకోండి, సినిమాల్లో చేరండి. అమ్మానాన్నలు రెండింటినీ నమ్ముతారు. ఒక సాఫ్ట్‌వేర్ పేరు నేర్చుకుంటే కొలువు దొరికినట్టేనన్నది వాళ్ల ధీమా. ఆ ధీమా మీదే ఈ వ్యాపారమంతా నడుస్తోంది.

ముందు యాప్ సంగతి. గీతా ఆర్ట్స్ అల్లు అరవింద్, మై హోమ్ గ్రూప్‌తో కలిసి 2020 ఉగాదికి సినిమాలు చూపించే ‘ఆహా’ యాప్‌ను తెచ్చారు. ఇలాంటి యాప్‌లో ఫోన్ మీద కనిపించే తెర చిన్న భాగమే. కొత్త సినిమా వచ్చిన రాత్రి ఒక్కసారిగా జనం మీద పడతారు. అప్పటికప్పుడు సర్వర్లు పెంచాలి, తెల్లారాక తగ్గించాలి. ఆ పని తెలిసినవాళ్లు కావాలి. మూడు నెలల కోర్సులో దాని ఊసే ఉండదు.

గ్రాఫిక్స్ సంగతీ అంతే. ‘ఈగ’కు జాతీయ అవార్డు తెచ్చిన మకుట వీఎఫ్ఎక్స్‌ది హైదరాబాదే. ఇలాంటి పనిలో ఒక ఫ్రేమ్ రెండర్ కావడానికి, అంటే తుది బొమ్మగా మారడానికి, ఒక కంప్యూటర్‌కు గంట పడుతుందనుకుందాం. సెకనుకు 24 ఫ్రేములు. అయిదు సెకన్ల షాట్‌కు 120. ఒకే యంత్రమైతే రాత్రీ పగలూ అయిదు రోజులు తిరగాలి. 120 యంత్రాలు అద్దెకు తీసుకుంటే గంటలో అయిపోతుంది. అద్దె గంటల లెక్కన కాబట్టి ఖర్చు దాదాపు అంతే. రిలీజ్ డేట్ పోస్టర్ మీద పడ్డాక ఆ అయిదు రోజుల విలువేమిటో ఫిలింనగర్‌లో ఎవరినడిగినా చెబుతారు. ఇలా యంత్రాలను అద్దెకిచ్చే అమెజాన్ తన క్లౌడ్ కేంద్రాలను 2022 నవంబరులో హైదరాబాద్‌లోనే తెరిచింది. ఈ యంత్రాలకు పని పంచిపెట్టి, ఆగిపోయిన ఫ్రేమును పట్టుకుని మళ్లీ నడిపించేవాళ్లను రెండర్ రాంగ్లర్లంటారు. వాళ్లకు కావలసిన ప్రోగ్రాములు రాసేవాళ్లు పైప్‌లైన్ టీడీలు, అంటే టెక్నికల్ డైరెక్టర్లు. ఈ కొలువుల పేర్లు చాలామంది తల్లిదండ్రులు వినే ఉండరు.

చదువు విషయానికొస్తే, ఈ కొలువులకు బీటెక్, బీఎస్సీ కంప్యూటర్స్, డిప్లొమా ఏదైనా సరే.

ఉచ్చుల గురించే గట్టిగా చెప్పాలి. ఉద్యోగం వచ్చాకే ఫీజు అంటూ పిల్లల చేత సంతకం పెట్టించే కాగితం కొన్నిసార్లు లోన్ దరఖాస్తు. ఉద్యోగం రాకపోయినా వాయిదాలు ఆగవు. దొంగ అనుభవ పత్రాలు ఇప్పిస్తామనే చోటు నుంచి వెంటనే లేచి వచ్చేయాలి. తనిఖీలో దొరికితే ఆ మచ్చ కంపెనీ నుంచి కంపెనీకి వెంటాడుతుంది. ఇంకొకటి, సాధన కోసం నాన్న కార్డుతో తెరిచే క్లౌడ్ ఖాతా. యంత్రాన్ని ఆపడం మరిచి పడుకుంటే, వాడినా వాడకున్నా మీటరు తిరుగుతూనే ఉంటుంది. మొదటిరోజే బడ్జెట్ అలర్ట్ పెట్టుకోవాలి. అది హెచ్చరిస్తుందే తప్ప, దానంతటది యంత్రాన్ని ఆపదనీ తెలిసుండాలి.

స్టూడియో ఉద్యోగం స్థిరమనీ అనుకోకూడదు. ‘లైఫ్ ఆఫ్ పై’ గ్రాఫిక్స్‌కు 2013 ఫిబ్రవరిలో ఆస్కార్ వచ్చింది. ఆ పని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ అంతకు కొద్దిరోజుల ముందే దివాలా పిటిషన్ వేసింది. ఆ సంస్థకు హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. అందుకే ఒక్క గ్రాఫిక్స్ ప్యాకేజీ కన్నా లినక్స్, పైథాన్, నెట్‌వర్కింగ్ నేర్చుకోవడం మేలు. స్టూడియో మూతపడ్డా అవి బ్యాంకులోనో ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌లోనో అన్నం పెడతాయి. ఎన్‌పీటెల్ వెబ్‌సైట్‌లో ఈ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ బ్లెండర్ కూడా ఉచితమే; 2025లో యానిమేషన్ ఆస్కార్ గెలిచిన ‘ఫ్లో’ను దానితోనే తీశారు. లక్షల ఖరీదు కంప్యూటర్ కొనివ్వలేదని ఏ పిల్లా బెంగపడక్కర్లేదు.

యాప్ మీదే మనసుంటే అదీ చేయవచ్చు. గూగుల్ ప్లే ఖాతాకు ఒక్కసారి 25 డాలర్లు కడితే చాలు. ఆపిల్‌కు ఏటా 99 డాలర్లు, కాబట్టి అది తర్వాత చూసుకోవచ్చు. గూగుల్‌లో కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిచినవాళ్లు యాప్‌ను విడుదల చేసే ముందు కనీసం 12 మందితో వరసగా 14 రోజులు పరీక్షింపజేయాలి. అన్నలు, వదినలు, స్నేహితులు కలిస్తే ఆ సంఖ్య నిండుతుంది. వాళ్లు ఎక్కడ తడబడ్డారో రాసుకుని, సరిదిద్ది, మళ్లీ పంపాలి. కోర్సుకు డబ్బు కట్టాలా వద్దా అన్నది ఆ 14 రోజులూ గడిచాక పిల్లలనే తేల్చుకోనివ్వాలి. అందాకా పక్కింటి అబ్బాయి ప్యాకేజీ మాట ఇంట్లో ఎత్తకూడదు.